కంప్యూటర్ ప్రారంభ వేగం: పద్ధతులు, పరిమితులు – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

తాళపత్రాల ఛాయాచిత్రాల నుంచి సిద్ధాంత గ్రంథం వరకు పరిశోధకుని సామగ్రి అంతా నేడు కంప్యూటర్‌లోనే ఉంటోంది. అది పనికి సిద్ధమయ్యే కాలాన్ని తగ్గించే పద్ధతులను, వాటి వల్ల కలిగే ప్రమాదాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రారంభ క్రమం:

మీట నొక్కగానే ఫర్మ్‌వేర్ పరికరాలను పరీక్షించి బూట్‌లోడర్‌ను పిలుస్తుంది. బూట్‌లోడర్ కెర్నల్‌ను మెమరీలోకి తెస్తుంది. కెర్నల్ ఆరంభించే మొదటి ప్రక్రియ నెట్‌వర్క్, ముద్రణ వంటి సేవలను మేల్కొలుపుతుంది. పాత లినక్స్ పద్ధతిలో ఈ సేవలు ఒకదాని తరువాత ఒకటిగా మొదలయ్యేవి. ఒకటి ఆలస్యమైతే తక్కినవన్నీ వేచి ఉండవలసి వచ్చేది.

3. ఐదు సెకన్ల ప్రయోగం:

2008లో ఇంటెల్ ఇంజనీర్లు ఆర్జన్ వాన్ డి వెన్, ఆకె కాక్‌లు ఒక చిన్న ల్యాప్‌టాప్‌లో లినక్స్‌ను 5 సెకన్లలో ప్రారంభించి చూపారు. వారు ఉన్న కాలాన్ని కొంత తగ్గించడంతో తృప్తిపడక, 5 సెకన్లను ముందే పంచుకున్నారు: కెర్నల్‌కు 1, తొలి సేవలకు 1, చిత్ర వ్యవస్థకు 1, డెస్క్‌టాప్‌కు 2. తెర కనిపించినంత మాత్రాన ప్రారంభం ముగిసినట్లు కాదనీ, ప్రాసెసర్, డిస్కు రెండూ పని ముగించి నెమ్మదించినప్పుడే ముగిసినట్లనీ వారు నిర్వచించారు. ఈ నిర్వచనమే ఆ ప్రయోగానికి ప్రాణం.

4. సమాంతర ప్రారంభం:

2010లో వెలువడిన సిస్టమ్‌డి సేవలను ఏకకాలంలో ఆరంభిస్తుంది. సందేశాలు అందుకునే సాకెట్లను ముందుగానే సిద్ధం చేయడం ఇందులోని కీలకం. ఇంటి యజమాని ఇంకా నిద్ర లేవకపోయినా ఉత్తరాన్ని పెట్టెలో వేసి వెళ్ళవచ్చు. సేవల విషయంలోనూ అంతే. ఏ సేవ ఎంత కాలం తీసుకుందో 'సిస్టమ్‌డి-ఎనలైజ్ బ్లేమ్' ఆదేశం చూపుతుంది.

5. వేగానికి మూల్యం:

విండోస్ 8 (2012) మరో మార్గం చూపింది. 'షట్ డౌన్' చేసినప్పుడు కెర్నల్ స్థితిని డిస్కులో భద్రపరచి, మరునాడు దానినే తిరిగి మెమరీలోకి తెస్తుంది. దీనినే 'ఫాస్ట్ స్టార్టప్' అంటారు. అంటే యంత్రం ఆగినట్లు కనిపించినా వ్యవస్థ పూర్తిగా ముగియదు. అదే యంత్రంలో లినక్స్ కూడా ఉండి, దాని నుంచి విండోస్ విభాగంలో రాస్తే దస్త్రాలు చెడిపోయే ప్రమాదం ఉంది. అటువంటివారు ఈ సౌకర్యాన్ని ఆపివేయాలి, లేదా వ్యవస్థ మారేముందు 'రీస్టార్ట్' ఎంచుకోవాలి. రీస్టార్ట్‌లో కెర్నల్ పూర్తిగా ముగుస్తుంది.

6. ముగింపు:

అనవసరమైన సేవలను తొలగించడం, నిరీక్షణను సమాంతరం చేయడం, పాత స్థితిని భద్రపరచడం – వేగానికి ఈ మూడూ మార్గాలు. మొదటి రెండూ పనిని తగ్గిస్తాయి, లేదా సర్దుతాయి. మూడవది పనిని ముగించకుండా నిలిపి ఉంచుతుంది. ఏళ్ళ తరబడి సేకరించిన ఆకరాలు డిస్కులో ఉన్న పరిశోధకుడు ఈ భేదాన్ని గుర్తించిన తరువాతే కొన్ని సెకన్ల లాభాన్ని ఎంచుకోవడం సముచితం.