పసిపిల్లల తలకు దెబ్బ తగిలినపుడు

చరకాచార్యుడు శిరస్సును ఉత్తమాంగమన్నాడు. హృదయము, వస్తి, శిరస్సు అను మూడు మర్మములకు సిద్ధిస్థానములో ప్రత్యేకముగా ఒక అధ్యాయమునే కేటాయించినాడు. సుశ్రుతుడు దేహమందలి 107 మర్మములను వివరించుచు, తలయెముకల అతుకులైన అయిదు సీమంతములను కాలాంతర ప్రాణహరములలో చేర్చినాడు. అనగా, దెబ్బ తగిలిన క్షణముననే గాక కొంతకాలము గడచిన పిమ్మట ప్రాణము తీయునవి. వాటికి గాయమైనచో ఉన్మాదము, భయము, చిత్తనాశము కలుగునని ఆయన మాట. నేటి వైద్యులు కంకషన్ అని పిలుచునది ఇదేయని నేను వాదించను. ఆయన చెప్పినది ఇంకను తీవ్రమైన గాయము. కాని తల దెబ్బ ఫలితము ఆ పూటతో ముగియదను ఎరుక మన ప్రాచీనులకు ఉండినది. మన ఇండ్లలోనే అది మరుగున పడినది.

పిల్లవాడు మంచము మీదనుండి పడగానే తల్లి చీరచెంగును ఉండచేసి, నోటి ఆవిరి పట్టి, బొప్పిపై అద్దును. అమ్మమ్మ దిష్టి తీయును. అరగంటలో వాడు మరల ఆటలో పడును. "ఎదిగే పిల్లలు, పడుతూ లేస్తూనే ఉంటారు" అని అందరును ఊరట చెందుదురు. చాలామట్టుకు ఆ మాట నిజమే. నిజము కాని కొద్దిపాటి సందర్భముల కొరకే ఈ వ్యాసము.

మెదడు మిక్కిలి మెత్తనిది. కపాలములో ద్రవము నడుమ తేలుచుండును. తల హఠాత్తుగా కుదుపుకు లోనైనపుడు మెదడును లోపల ఊగి, నాడీతంతువులు సాగును. నాడీకణములలోని లవణముల సమతూకము చెదరును. దానిని చక్కబరచుకొనుటకు కణములకు శక్తి ఎక్కువ కావలసిన సమయముననే రక్తప్రసారము తగ్గును. ఇదియే కంకషన్. ఎముక విరుగదు, రక్తము చిందదు, కనుక సీ.టీ. స్కానులో సాధారణముగా ఏమియు కనిపించదు. స్పృహ తప్పుట కొద్దిమందిలోనే జరుగును. "స్పృహ తప్పలేదు గదా, స్కాను బాగున్నది గదా" అను ధైర్యము అందువలన పూర్తిగా చెల్లదు.

పసివారికి ఈ కుదుపు సులభముగా తగులును. పుట్టిన శిశువు నిడివిలో తల నాలుగవ వంతు. పెద్దలలో ఎనిమిదవ వంతు మాత్రమే. అంత బరువైన తలను మోయు మెడ అప్పటికింకను బలపడియుండదు.

ఇక మెదడు ఎదుగుదల సంగతి. పుట్టినపుడు మెదడు బరువు సుమారు 350 నుండి 400 గ్రాములు. ఏడాది నిండునప్పటికి దాదాపు 900 గ్రాములు. ఆరేండ్లకు పెద్దవారి మెదడులో పదింట తొమ్మిది వంతులు. మాడు సాధారణముగా 12 నుండి 18 నెలల మధ్య పూడుకొనును గాని, లోపలి నిర్మాణము ఆగదు. నాడీతంతువుల చుట్టును కొవ్వుపొర ఏర్పడుచునే యుండును. అవధానమును, నిగ్రహమును శాసించు ముందుభాగము పూర్తిగా పరిపక్వమగుటకు ఇరువది అయిదేండ్లు పట్టును.

చిన్ననాటి మెదడు లేతది గనుక త్వరగా సర్దుకొనునని ఒకప్పుడు భావించిరి. 1930లలో అమెరికాలో మార్గరెట్ కెనార్డ్ కోతిపిల్లలపై చేసిన పరిశోధనలు ఈ భావనకు ఊతమిచ్చినవి. తరువాతి పరిశోధకులు దీనిని సవరించినారు. ఇంకను రాని విద్యను పోగొట్టుకొన్నట్లు ఎవరికిని కనబడదు గదా! రెండేండ్ల బిడ్డకు వరుసగా మూడు పనులు గుర్తుంచుకొను అవసరమే లేదు. ఆ శక్తికి ఆధారమైన భాగము అప్పుడే గట్టిగా దెబ్బతిన్నను, లోపము బడిలో చేరిన తరువాతనే బయటపడవచ్చును.

న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్ నగరములో 1977లో పుట్టిన 1,265 మంది శిశువులను పరిశోధకులు ఏండ్ల తరబడి గమనించినారు. అయిదేండ్లలోపు తలకు స్వల్ప గాయమై ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చిన పిల్లలలో అవధాన లోపము, చపలత్వము తరువాతి కాలమున ఎక్కువగా కనిపించినవి. పరీక్షించి ఇంటికి పంపివేయబడిన పిల్లలు మాత్రము దెబ్బ తగలనివారికి పెద్దగా భిన్నముగా లేరు. తల్లిదండ్రులు ఈ రెండు సంగతులను కలిపి గుర్తుంచుకొనవలెను. ఒకదానినే పట్టుకొన్నచో భయమో, అశ్రద్ధయో మిగులును.

గత సంవత్సరము ఒక దంపతులు ఆరేండ్ల కుమారుని తీసికొని నా వద్దకు వచ్చినారు. వాడు తరగతిలో నిలకడగా కూర్చుండడు, చెప్పినది సగములోనే మరచిపోవును. సరస్వతీ లేహ్యము వ్రాసి ఇమ్మని కోరినారు. ఎప్పుడైనను తలకు దెబ్బ తగిలినదా అని అడిగినాను. తండ్రి లేదన్నాడు. తల్లి కొంత తడవు ఆలోచించి, "మేడమెట్ల మీద నుంచి పడ్డాడండీ, రెండున్నరేళ్లప్పుడు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. అది మూడున్నరేళ్ల కిందటి మాట డాక్టరు గారూ!" అన్నది.

ఆ పాటే కారణమని నేను చెప్పలేదు. అట్లు తేల్చుట ఎవరికిని సాధ్యము కాదు. లేహ్యమును ఇవ్వలేదు. సరస్వతి ఆకు, శంఖపుష్పి మేధ్యములని నేనును నమ్ముదును. కాని దెబ్బతిన్న మెదడును అవి బాగుచేయునని రుజువు లేదు. చెవి, కన్ను పరీక్షించి, పిల్లల నాడీవైద్యుని చూడుమని పంపినాను. పంతులమ్మకు మాత్రము ఆ పాటు సంగతి చెప్పుమన్నాను. ఇప్పుడామె వానిని ముందు బల్లపై కూర్చుండబెట్టి, ఒక్కొక్క పనియే చెప్పుచున్నదట. లేహ్యము అడుగుటకు వారు మరల రాలేదు.

మాటలు రాని బిడ్డ తలనొప్పి అని చెప్పలేదు. ఊరక ఏడ్చుట, పాలు త్రాగకుండుట, ఇష్టమైన బొమ్మను పట్టించుకొనకుండుట, నిద్ర వేళలు మారుట, నేర్చిన నడకయో మాటయో వెనుకబడుట, ఇవి గుర్తులు. దడుపనియు గాలి సోకినదనియు తాయెత్తు కట్టించి ఊరకుండరాదు.

మరల మరల వాంతి, మూర్ఛ, లేపినను లేవని మత్తు, కనుపాపల హెచ్చుతగ్గులు, ముక్కు చెవుల నుండి నీరో రక్తమో కారుట, మాడు ఉబ్బుట, వీనిలో ఏ ఒక్కటి ఉన్నను క్షణము ఆగక ఆసుపత్రికి పోవలెను. రెండేండ్లలోపు వారికి నుదుటిపై బొప్పి కంటె తల ప్రక్కలను, వెనుకను వచ్చిన మెత్తని వాపు ప్రమాదకరము. మూడడుగులకు మించిన ఎత్తునుండి పడినచో బిడ్డ నవ్వుచున్నను వైద్యునికి చూపుడు.

బొప్పిపై చల్లని తడిగుడ్డ చాలును, గట్టిగా రుద్దరాదు. గాయముపై కాఫీపొడి అద్దరాదు. ఆ దినములలో తలంటు, నస్యము, కషాయము వలదు. ఆస్పిరిన్ అసలే కూడదు. నిద్రపోనీయరాదను పాత మాట సరికాదు. పరీక్ష అయి అపాయము లేదని తెలిసిన పిమ్మట నిద్ర మేలే. నడుమ లేపి చూచుట ఎట్లో వైద్యుని అడుగుడు.

మొదటి ఒకటి రెండు దినములు విశ్రాంతి. టీవీ, ఫోను దూరము. ఆ తరువాత చీకటి గదిలో పడుకొనబెట్టుట అనవసరము. మెల్లగా ఇంటిలో ఆడనిచ్చి, బడికి పంపవచ్చును. చాలమంది పిల్లలు నాలుగు వారములలో కోలుకొందురు. అంతవరకు ఎక్కుట, దూకుట, సైకిలు వలదు. మానకముందే తగులు రెండవ దెబ్బ మొదటిదానికంటె చెడ్డది. నాలుగు వారములు దాటినను మార్పులు పోకున్నచో మరల చూపవలెను.

చక్రముల వాకరులో బిడ్డను కూర్చుండబెట్టుట నాకు బొత్తిగా నచ్చదు. కెనడా దేశము 2004లోనే వాటిని నిషేధించినది. మన మూడు చక్రాల చెక్కబండి మేలు. బిడ్డ దానిలో కూర్చుండడు, వెనుకనుండి త్రోయును. స్కూటరు ముందుభాగమున బిడ్డను నిలబెట్టి పోవు తండ్రులను ప్రతి ఉదయము చూచుచున్నాను. 9 నెలల నుండి 4 ఏండ్లలోపు బిడ్డకు హెల్మెట్టు, నడుపువానికి బిడ్డను కట్టియుంచు పట్టీ ఉండవలెననియు, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదనియు 2022లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధన 2023 నుండి అమలులో ఉన్నది. తండ్రి తలపై హెల్మెట్టు ఉండును, బిడ్డ తలపై ఉన్ని టోపీ ఉండును.