గుండెకు నెత్తురు తిరిగి పారే గడియ

కందకుర్తి: గోదావరి, మంజీర, హరిద్ర నదులు కలిసే ఈ త్రివేణి సంగమం వద్ద నీటి నడత తెలియని రైతు లేడు. ఏటా జులై 1న ఎగువన మహారాష్ట్రలోని బాబ్లీ గేట్లు ఎత్తగానే ఈ రేవు వైపు నీరు కదులుతుంది. బీటలు వారిన పొలానికి తూము ఒక్కసారే బార్లా తెరిస్తే ఏమవుతుందో మన వారికి ఎరుకే. నీరు ప్రాణమే అయినా ఆ ఉరవడికి గట్లు తెగుతాయి, మన్ను కొట్టుకుపోతుంది. ఒకరి గుండెను తీసి మరొకరికి అమర్చే వైద్యులకు ఎదురయ్యే చిక్కు కూడా ఇటువంటిదే.

ప్రపంచంలో మొదటిసారి మనిషి గుండెను మరో మనిషికి అమర్చింది 1967 డిసెంబరు 3న, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో, డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్. ఆ రోగి 18 రోజులు జీవించాడు. మన దేశంలో ఈ శస్త్రచికిత్సను మొదటిసారి సఫలం చేసినవారు తెలుగువారే కావడం గర్వించదగిన విషయం. రాజమహేంద్రవరంలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ 1994 ఆగస్టు 3న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో దీనిని చేశారు. ఆయన 2024లో కన్నుమూశారు.

నెత్తురు అందక గుండె దెబ్బతింటుందంటే ఎవరైనా నమ్ముతారు. నెత్తురు తిరిగి వచ్చినందువల్ల దెబ్బతినడమేమిటని అడగవచ్చు. సంగతి ఇది. నెత్తురు ఆగిన గంటలలో గుండె కండరంలోని కణాలకు ప్రాణవాయువు అందదు. శక్తి తరిగి, ఆమ్లం పేరుకుంటుంది. ఆ స్థితిలో నెత్తురు ఒక్కసారిగా వచ్చి పడితే కాల్షియం హద్దు మీరి కణాలలో చేరుతుంది. వచ్చిన ప్రాణవాయువే కొంత విషతుల్యమైన రూపాలుగా మారి కణాల పొరలను కాలుస్తుంది. బతకవలసిన కణాలు కొన్ని ఆ కొద్ది నిమిషాలలోనే చనిపోతాయి. దెబ్బ పెద్దదైతే కొత్త గుండె నెత్తురును తోయలేక చతికిలపడుతుంది.

దీనికి వైద్యులు తీసుకునే జాగ్రత్తలు పలు విధాలు. గుండెను తీసేముందు పొటాషియం ఎక్కువగా ఉన్న చల్లని ద్రవం ఎక్కించి కొట్టుకోవడం ఆపుతారు. పని లేని గుండెకు తిండి తక్కువ చాలు. తరువాత ద్రవంలో ఉంచి మంచు పెట్టెలో పంపుతారు. మంచు నేరుగా తగలనివ్వరు, తగిలితే కండరం గడ్డకట్టి చెడుతుంది. అమర్చిన తరువాత కొందరు సర్జన్లు ముందుగా మందులు కలిపిన వెచ్చని నెత్తురును తక్కువ ఒత్తిడితో వదిలి, ఆ పిమ్మటనే ధార పూర్తిగా విడుస్తారు. అప్పుడు కూడా గుండె చేత వెంటనే బరువు మోయించరు. అది తేరుకునేదాకా శరీరానికి నెత్తురు అందించే పని యంత్రమే చేస్తుంది. దారి పొడవునా గుండెకు వెచ్చని నెత్తురు అందిస్తూ కొట్టుకునేలా ఉంచే పెట్టెలు కూడా వచ్చాయి గాని, వాటి ఖరీదు చాలా ఎక్కువ.

ఎన్ని ఉపాయాలున్నా కాలమే కీలకం. 2015లో మూతపడక ముందు బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన రైతులకు ఇది చెప్పనక్కరలేదు. నరికిన చెరకు ఎండలో నిలిచేకొద్దీ తీపి తగ్గుతుంది. మంచు పెట్టెలోని గుండెకు సుమారు 4 గంటలే గడువు. ప్రయాణమూ, కుట్లూ అందులోనివే. ఆలస్యమైనకొద్దీ నెత్తురు తిరిగి పారేటప్పుడు తగిలే దెబ్బ పెద్దదవుతుంది. అందుకే 2025 జనవరి 17 రాత్రి హైదరాబాదులో ఎల్‌బీ నగర్ నుంచి లక్డీకాపూల్ దాకా గుండెను మెట్రో రైలులో తీసుకుపోయారు. 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, 13 నిమిషాలు.

మెట్రో లేని మన పల్లెలకు దీనితో ఏమి పని అనుకోరాదు. గుండె ఇవ్వవలసినవాడు మన ఊరివాడు కావచ్చు, కావలసినవాడూ మన ఊరివాడే కావచ్చు. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి మెదడు పూర్తిగా చనిపోయినా, యంత్రం మీద గుండె కొంతకాలం కొట్టుకుంటుంది. 1994 నాటి చట్టం ప్రకారం వైద్యుల బృందం కనీసం 6 గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి మెదడు మరణాన్ని నిర్ధారించాలి. ఆ తరువాతనే ఇంటివారిని అడుగుతారు. అవయవానికి వెలకట్టి అమ్మడం, కొనడం నేరం. తెలంగాణలో ఈ ఏర్పాట్లను హైదరాబాదు నిమ్స్ నుంచి జీవన్‌దాన్ చూస్తుంది.

కన్నబిడ్డ ఛాతీ ఇంకా లేస్తూ పడుతూ ఉండగా ఔననడం ఏ తల్లికీ తేలిక కాదు. కాదనే హక్కు కూడా వారిదే. అయితే ఆసుపత్రి గడపలో, ఏడుపుల నడుమ, మొదటిసారి విని తేల్చుకోవలసిన మాట కాదిది. ఇంట్లో అందరూ కుశలంగా ఉన్న రోజునే నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటే, ఆ గడియ వచ్చినప్పుడు ఏమి చెప్పాలో ఇంటివారికి తెలిసి ఉంటుంది.