దాహాన్ని గుర్తుపెట్టుకునే వేరుశనగ..! ఆ గుట్టు కోసం ఐదారేళ్లు.. జీన్ రీసెర్చ్ స్కాలర్ల లైఫ్ ఇలా ఉంటుంది

కరువు నేల అనంతపురంలో వాన పడిందంటే అందరికీ పండగే. కానీ మబ్బు కనిపిస్తే కంగారుపడేవాళ్లు కూడా ఒకరున్నారు. ఎవరో తెలుసా? వేరుశనగపై కరువు ప్రయోగం చేస్తున్న పీహెచ్‌డీ స్టూడెంట్. రోజుల తరబడి నీళ్లు ఆపి, ఒక్కో కుండీని రోజూ తూకం వేసి, మొక్కను సరిగ్గా కావాల్సినంత ఎండబెడతారు. అంతలో ఓ అరగంట జల్లు కురిసిందా.. కథ మళ్లీ మొదటికొచ్చినట్టే. అందుకే ఇలాంటి ప్రయోగాలు చేసే చోట మొక్కల మీదకు జరిపే కప్పులు పెడతారు. వాన మొదలవగానే పరుగెత్తి కప్పేయాలి. అర్ధరాత్రి అయినా సరే!

ఇంతకీ ఎండబెట్టిన మొక్కలో ఏం వెతుకుతారు? మొక్కకు 'జ్ఞాపకం' ఉంటుందా అన్నది తేల్చడానికి. వినడానికి వింతగా ఉన్నా, ఇది సీరియస్ సైన్స్. క్రోమాటిన్, జీన్ ఎక్స్‌ప్రెషన్ అనే సబ్జెక్టుల్లో ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా నడుస్తున్న పని. అనంతపురం రైతుకు దీంతో నేరుగా సంబంధం ఉంది.

ప్రశ్న పుట్టింది పొలంలోనే

అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలు దాటేసరికే చాలావరకు ఖాళీ అయిపోతాయి. ఈశాన్య రుతుపవనాలు కోస్తాలో కురిసినంతగా ఇక్కడిదాకా రావు. అయినా ఇదే నేలపై ఒకప్పుడు దాదాపు 20 లక్షల ఎకరాల్లో వేరుశనగ వేసేవారు. ఇక్కడివాళ్ల మాటలో చెప్పాలంటే చెనిక్కాయ. తర్వాత సాగు బాగా తగ్గిపోయింది. ఎందుకు తగ్గిందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

బోరు కింద వేరుశనగ వేసే రైతులకు వ్యవసాయ శాస్త్రవేత్తలు ఓ సలహా ఇస్తుంటారు. విత్తిన తర్వాత తొందరపడి నీళ్లు పెట్టొద్దు, 20 నుంచి 25 రోజులు ఆగి, తొలి పూత కనిపించాక తడి ఇవ్వండి అని. అలా చేస్తే పూత ఒకేసారి వస్తుంది. ఊడలు దిగే దశ నుంచి కాయ ఊరే వరకు మాత్రం తడి తప్పకూడదు.

ఇది గాల్లోంచి వచ్చిన సలహా కాదు. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వేర్వేరు దశల్లో నీళ్లు తగ్గించి చూశారు. 1985లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఆ టీమ్‌లో మొదటి పేరు ఆర్.సి. నాగేశ్వరరావుది. పంట తొలి దశలో నీళ్లు తగ్గించిన మళ్లలో దిగుబడి పడిపోలేదు సరికదా, పూర్తిగా నీళ్లు పెట్టిన మళ్ల కంటే పెరిగింది. కాయ ఊరే దశలో నీళ్లు ఆపితే మాత్రం గట్టి దెబ్బే తగిలింది.

చిన్నప్పుడు కాస్త దాహం తెలిసిన మొక్క తర్వాత బాగా కాసింది. ఎందుకు? పూత ఒక్కసారిగా రావడం ఒక కారణం. అంతేనా, లేక ఆ తొలి దాహం మొక్క కణాల్లో ఏదైనా గుర్తు వదిలిందా? స్టూడెంట్ పీహెచ్‌డీ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

క్రోమాటిన్ అంటే ఏంటి? ధర్మవరం మగ్గం గుర్తు తెచ్చుకోండి

వేరుశనగ మొక్కలో ఒక్కో కణంలో ఉండే డీఎన్ఏ దారాన్ని సాగదీస్తే దాదాపు 1.8 మీటర్లు వస్తుంది. మనిషి కణంలో అయితే సుమారు 2 మీటర్లు. ఇంత పొడుగు దారం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండని కేంద్రకంలో సర్దుకోవాలి. ఎలా?

ధర్మవరంలో పట్టు నేసేవాళ్లు దారాన్ని కుప్పగా పోయరు, కండెలకు చుడతారు. కణం కూడా అదే చేస్తుంది. హిస్టోన్లు అనే ప్రోటీన్లు ఎనిమిది కలిసి ఒక చిన్న కండెలా ఏర్పడతాయి. దాని చుట్టూ డీఎన్ఏ ఒకటిన్నర చుట్లకు కాస్త పైగా తిరుగుతుంది. లెక్క ప్రకారం 147 అక్షరాల పొడుగు. అలాంటి కండెలు లక్షల్లో ఉంటాయి. ఈ మొత్తం సరంజామానే క్రోమాటిన్ అంటారు. ఈ కండె మోడల్‌ను 1974లో రోజర్ కోర్న్‌బర్గ్ ప్రతిపాదించారు. 1997లో దాని ఆకారాన్ని దాదాపు అణువుల స్థాయిలో చూడగలిగారు.

గట్టిగా చుట్టుకున్న చోట ఉన్న జీన్‌ను కణం చదవలేదు. వదులైన చోట ఉన్నదాన్ని చదువుతుంది. ఆకులోనూ వేరులోనూ ఉన్నది ఒకే డీఎన్ఏ. మరి ఆకు ఆకులా, వేరు వేరులా ఎందుకు ఉన్నాయంటే, ఒక్కోచోట ఒక్కో జీన్ల సెట్ తెరుచుకుని ఉంటుంది. జీన్ చదవబడి పని మొదలుపెట్టడమే జీన్ ఎక్స్‌ప్రెషన్.

ఎక్కడ తెరవాలి, ఎక్కడ మూయాలి అన్నదానికి హిస్టోన్ల తోకల మీద చిన్న చిన్న రసాయన గుర్తులుంటాయి. ఎసిటైల్ గుర్తు పడితే సాధారణంగా అక్కడ దారం వదులవుతుంది. మిథైల్ గుర్తు మాత్రం పడే చోటును బట్టి మాట మారుస్తుంది. హెచ్3 అనే హిస్టోన్ తోకలో 4వ స్థానంలో మూడు మిథైళ్లు ఉంటే ఆ జీన్ చురుగ్గా ఉందని అర్థం. అదే గుర్తు 27వ స్థానంలో ఉంటే మూతపడినట్టు!

యాప్ క్లోజ్ చేసినా బ్యాక్‌గ్రౌండ్‌లో రన్ అవుతున్నట్టు..

నేలలో తడి తగ్గగానే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరుగుతుంది. పత్రరంధ్రాలు మూసుకుంటాయి. వందల కొద్దీ జీన్లు ఆన్ అవుతాయి. నీళ్లు పోస్తే మళ్లీ ఆఫ్. ఇంతవరకు పాత సంగతే.

2012లో అమెరికాలోని నెబ్రాస్కా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు అరబిడోప్సిస్ అనే చిన్న మొక్కను ఎండబెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ ఎండబెట్టి చూశారు. రెండోసారి దాహం వేసినప్పుడు కొన్ని జీన్లు మొదటిసారి కంటే ఎక్కువగా స్పందించాయి. మధ్యలో నీళ్లిచ్చినప్పుడు అవి మామూలు స్థాయికి వచ్చినట్టే కనిపించాయి. కానీ వాటి హిస్టోన్ల మీద ఇందాక చెప్పుకున్న 4వ స్థానం మిథైల్ గుర్తు పోలేదు. జీన్‌ను చదివే యంత్రం కూడా వాటి మొదట్లోనే ఆగి, సిగ్నల్ కోసం ఎదురుచూస్తూ ఉంది.

ఫోన్‌లో యాప్ క్లోజ్ చేసినా బ్యాక్‌గ్రౌండ్‌లో ఉంటే మళ్లీ నొక్కగానే టక్కున తెరుచుకుంటుంది కదా.. అలాగన్నమాట. ఆ జ్ఞాపకం కొద్ది రోజులే నిలిచింది, తర్వాత చెరిగిపోయింది. కొద్ది రోజులేనా అని తీసిపారేయొద్దు. అనంతపురంలో వానకీ వానకీ మధ్య బెట్ట వచ్చినప్పుడు మొక్కకు ఒక్కో రోజూ లెక్కే.

పొద్దున తూకం.. రాత్రి ల్యాబ్

అరబిడోప్సిస్‌లో తేలినదాన్ని వేరుశనగలో చూడటం అంత ఈజీ కాదు. అది ఆరేడు వారాల్లో చేతికొచ్చే ల్యాబ్ మొక్క, ఇది 110 రోజుల పంట. అనంతపురం పట్టణం పక్కనే ఉన్న శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ 1981లో ఏర్పడింది. అక్కడి బోటనీ విభాగంలో ఉలవ, వేరుశనగ లాంటి పంటలు కరువును ఎలా తట్టుకుంటాయన్నదానిపై ఏళ్లుగా పరిశోధనలు జరిగాయి. ఇలాంటి సబ్జెక్టులో అడుగుపెట్టే స్కాలర్ రోజు ఎలా ఉంటుందో చూడండి.

పొద్దున్నే కుండీల తూకం. ఎన్ని గ్రాములు తగ్గితే మట్టిలో తడి ఎంత శాతం మిగిలినట్టో లెక్క ఉంటుంది. తర్వాత ఆకుల శాంపిల్. ఇది రోజూ ఒకే టైమ్‌కి తీయాలి. ఎందుకంటే మొక్కకు లోపల గడియారం ఉంటుంది. పొద్దున 8కి ఆన్‌లో ఉన్న జీన్ మధ్యాహ్నానికి ఆఫ్ కావచ్చు. అరగంట ఆలస్యంగా నిద్రలేస్తే కరువు ప్రభావం ఏదో, గడియారం ప్రభావం ఏదో తెలియకుండా పోతుంది. ఆదివారం, దసరా, ఇంట్లో పెళ్లి.. మొక్కకు ఇవేమీ తెలియవు.

కోసిన ఆకును వెంటనే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచాలి. కల్వంలో వేసి పొడి చేయాలి. అందులోంచి ఆర్ఎన్ఏ తీయాలి. ఏ జీన్ ఎంత పనిచేస్తోందో చెప్పేది ఇదే. కానీ చేతి చెమటలో ఉండే ఎంజైమ్ చాలు, దీన్ని ముక్కలు చేసేయడానికి. పైగా వేరుశనగలో పాలీఫినాల్స్ ఎక్కువ. అవి ఆర్ఎన్ఏకు అంటుకుని గోధుమ రంగు జిగురులా మారుస్తాయి. మొదటి ఆర్నెల్లు చాలామందికి ఈ జిగురుతోనే గడిచిపోతాయి.

మంచి ఆర్ఎన్ఏ వచ్చాక చేసే టెస్ట్ పేరు వింటే మీకు కోవిడ్ రోజులు గుర్తొస్తాయి. ఆర్‌టీపీసీఆర్! అదే టెక్నిక్. అక్కడ వైరస్ ఉందా అని చూశారు, ఇక్కడ జీన్ ఎంత మోతాదులో పనిచేసిందో కొలుస్తారు. ఇక్కడా వేరుశనగ ఓ మెలిక పెట్టింది. దాదాపు 10 వేల ఏళ్ల కిందట దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు కలిసి పుట్టిన పంట ఇది. ఆ రెండింటి క్రోమోజోములూ ఇందులో ఉన్నాయి, మొత్తం 40. అంటే చాలా జీన్లకు కవలల్లాంటి రెండు రకాలు. స్పందించింది ఏ కవల అని తేల్చడమే పెద్ద పని. ఆ రెండు అడవి జాతుల జీనోమ్‌లు 2016లో, సాగు వేరుశనగ జీనోమ్ 2019లో వెలువడ్డాక ఈ పని కాస్త తేలికైంది.

అసలు పరీక్ష క్రోమాటిన్ దగ్గర. ఆకును ఫార్మాల్డిహైడ్‌లో ఉంచితే డీఎన్ఏ, హిస్టోన్లు ఎక్కడివక్కడ అతుక్కుపోతాయి. ఫొటో తీసి ఫ్రీజ్ చేసినట్టు. తర్వాత కేంద్రకాలను వేరు చేసి, శబ్ద తరంగాలతో క్రోమాటిన్‌ను చిన్న ముక్కలు చేస్తారు. ఫలానా గుర్తును మాత్రమే పట్టుకునే యాంటీబాడీ వేసి రాత్రంతా 4 డిగ్రీల చలిలో తిప్పుతారు. మర్నాడు కడిగి, వేడి చేసి, అతుకు విడదీసి, దొరికిన డీఎన్ఏ ఏ జీన్‌దో చూస్తారు. మొత్తం మూడు నాలుగు రోజులు. శబ్ద తరంగాలు కాస్త ఎక్కువైతే పిండి, తక్కువైతే ముద్ద. రెండూ పనికిరావు. కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే, మైనస్ 80 ఫ్రీజర్‌లో దాచిన సీజన్ మొత్తం శాంపిల్స్‌కే ముప్పు. వేసవి రాత్రుల్లో స్కాలర్లకు ఆ ఫ్రీజర్ మీదే ధ్యాస.

ఇదంతా ఒక్కసారి చేస్తే ఎవరూ నమ్మరు. వేర్వేరు మొక్కల మీద కనీసం మూడుసార్లు అదే ఫలితం రావాలి. రాకపోతే మళ్లీ విత్తాలి. ఖరీఫ్ దాటిపోతే ఆ సీజన్ వాతావరణం కోసం ఏడాది ఆగాలి.

జేఆర్‌ఎఫ్ ఉంటే ఒక లెక్క.. లేకపోతే ఇంకో లెక్క

సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పాసై జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ కింద 42 వేలు ఫెలోషిప్. 2023 జనవరి నుంచి ఉన్న రేటు ఇది. హెచ్‌ఆర్‌ఏ అదనం. సెంట్రల్ యూనివర్సిటీల్లో జేఆర్‌ఎఫ్ లేనివాళ్లకు కూడా నెలకు 8 వేలు ఇచ్చే స్కీమ్ ఉంది. రాష్ట్ర యూనివర్సిటీల్లో చేరినవాళ్లకు ఆ స్కీమ్ వర్తించదు. గైడ్ చేతిలో ప్రాజెక్ట్ ఉంటే సరి, లేదంటే ఇంటి నుంచి తెచ్చుకోవాలి, లేదా సాయంత్రం డిగ్రీ కాలేజీలో, కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పుకోవాలి. ఆ సాయంత్రమే ఆర్ఎన్ఏ తీయాల్సి ఉంటే? ఈ ప్రశ్న ప్రయోగశాల కంటే కష్టమైనది.

యాంటీబాడీ సంగతి వేరే చెప్పాలి. చాలావరకు విదేశాల నుంచే రావాలి. బొటనవేలంత సీసా ధర జేఆర్‌ఎఫ్ నెల మొత్తాన్ని దాటిపోయే సందర్భాలున్నాయి. పైగా దారిపొడవునా చల్లగా ఉండాలి. అందుకే స్కాలర్లు దాన్ని చుక్క చుక్క లెక్కపెట్టి వాడతారు. యూజీసీ 2022 రూల్స్ ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఊళ్లో మాత్రం 'ఇంకా చదువు అయిపోలేదా' అనే ప్రశ్న మూడో ఏడే మొదలవుతుంది. ఇంటి దగ్గర శెనగ చేను ఉన్న కుటుంబమైతే ఇంకో ప్రశ్న కూడా పడుతుంది.. ఇన్నేళ్లు చదివావు, ఈసారి ఏ విత్తనం వేయమంటావు?

మరి కరువు చేలో కాసిన విత్తనం వేస్తే?

ఇక్కడ చాలామందికి ఓ డౌట్ వస్తుంది. మొక్కకు జ్ఞాపకం ఉందంటే, కరువు ఏడాది కాసిన గింజల్నే దాచి వేస్తే సరిపోతుందిగా అని. అలా లెక్క వేసుకోవద్దు. ఇప్పుడు చెప్పుకున్న గుర్తులు ప్రధానంగా ఆ మొక్క జీవితంలోనివి. తర్వాతి తరం గింజ తయారయ్యేటప్పుడు ఇలాంటి హిస్టోన్ గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి. పైగా బెట్టకు దెబ్బతిన్న చేలో గింజ నొక్కులు పడి ఉంటుంది, మొలక శాతమే తక్కువ. కదిరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి రకాలు సంకరం చేసి, ఏళ్ల తరబడి ఎంపిక చేస్తే వచ్చినవి. జ్ఞాపకంతో కాదు, డీఎన్ఏ తేడాతో.

అయితే స్కాలర్ పని ఉపయోగం ఎక్కడ? తొలి దశ దాహానికి క్రోమాటిన్ గుర్తు నిజంగా పడుతోందని వేరుశనగలో తేలితే, ఎన్ని రోజులు నీళ్లు ఆపాలి, ఆ గుర్తు ఎన్నాళ్లు ఉంటుంది, ఏ రకంలో బలంగా ఉంటుంది అన్నవి కొలిచి చెప్పొచ్చు. బోరులో నీళ్లు అంగుళం, అంగుళంన్నర వస్తున్న రైతుకు ఒక తడి మిగలడం చిన్న విషయం కాదు. ఒకవేళ గుర్తు ఏమీ లేదని, అంతా పూత టైమింగ్ మహిమేనని తేలినా అదీ థీసిస్సే. దాన్ని కూడా మూడుసార్లు చేసి చూపించాలి.

జూన్‌లో తొలకరి పడగానే రైతులు విత్తన కాయలు ఒలవడం మొదలుపెడతారు. ల్యాబ్ పక్కన స్కాలర్ కూడా అదే పనిలో ఉంటారు. ఒక్కో కుండీకి ఎర్రమట్టి తూకం వేసి, గింజ నాటి, లేబుల్ అంటించి.. ఇరవై రోజుల తర్వాత నీళ్లు ఆపాల్సిన తేదీని క్యాలెండర్‌లో గీత గీసి పెట్టుకుంటారు.