బొటనవ్రేలి వంపు - శస్త్రచికిత్స: ఫలితములు, చిక్కులు

'బనియన్' అను ఆంగ్లపదము చెవిని బడినంతనే మనకు తోచునది లోచొక్కాయే గాని పాదరోగము కాదు. వైద్యులు ఈ రోగమును లాటిను మాటలతో 'హాలక్స్ వాల్గస్' అందురు. బొటనవ్రేలు ప్రక్కవ్రేలి వైపునకు ఒరగుట అని దాని యర్థము. ఈ వ్యాసమున దీనిని 'బొటనవ్రేలి వంపు' అని వ్యవహరింతును. నేను వైద్యుడను గాను. తమిళనాట తెలుగు బోధించువాడను. ఆస్పత్రిలో చేవ్రాలు చేయవలసిన సమ్మతిపత్రము తమిళముననో ఆంగ్లముననో ఉండును. పాపారపట్టి ప్రాంతపు తెలుగు కుటుంబముల వారు ఆ చేవ్రాలునకు ముందు ఎరుగవలసిన సంగతులను ఇంటి భాషలో విశదపరచుటయే నా యుద్దేశము.

పాదపు లోప్రక్కన కనబడు ఉబ్బు క్రొత్తగా మొలచిన ఎముక యని పలువురు తలతురు. అది సరి కాదు. బొటనవ్రేలికి మూలమైన పొడవాటి పాదాస్థి లోవైపునకు జరుగును. వ్రేలు బయటి వైపునకు ఒరగును. ఆ రెంటి నడిమి కీలు పాదపు లోప్రక్కకు పొడుచుకొని వచ్చును. ఈ కోణము 15 డిగ్రీల లోపున్న సహజము. 40 డిగ్రీలు మించిన తీవ్రము. ముదిరినచో బొటనవ్రేలు రెండవవ్రేలి క్రిందికి దూరును. మెట్టెలు ధరించు వ్రేలు అదియే గనుక స్త్రీలకు ఆ రాపిడి మరింత బాధాకరము.

కారణములలో వంశపారంపర్యము ముఖ్యమైనది. పాదరక్షల పాత్రయు తక్కువది కాదు. 1958లో హాంగ్‌కాంగున ప్రకటితమైన పరిశీలనలో, బూట్లు తొడుగువారిలో నూటికి 33 మందికి ఈ వంపు కనబడగా, వట్టికాళ్లతో తిరుగువారిలో ఇద్దరికి మాత్రమే కనబడెను. మొన ఇరుకైన పాదరక్షలు వ్రేళ్లను ఎట్లు నొక్కునో దీనివలన ఊహింపవచ్చును.

ఇక చికిత్స. ఉబ్బును మాత్రము చెక్కివేసిన చాలదు. ఎముక వరుస మారనిచో వంపు మరల వచ్చును. అందుచేతనే నూటికి పైగా శస్త్రవిధానములు పుట్టినవి. 1904లో కెల్లర్ అను అమెరికా వైద్యుడు వ్రేలి ఎముక మొదటి భాగమును తొలగించు పద్ధతిని వర్ణించెను. నొప్పి తగ్గినను అందు వ్రేలి బలము సన్నగిల్లును. 1934లో లాపిడస్ పాదమధ్యమున నున్న కీలును అతికించు మార్గమును ప్రచారము చేసెను. నేడు పాదాస్థిని కోసి, జరిపి, మరలతో బిగించుట వాడుక. అందొకటి, వడ్రంగులు రెండు దూలములను ఏటవాలుగ కోసి అతుకు తీరును బోలినది. దాని పేరును ఆ వృత్తి నుండియే వచ్చినది.

ఫలితము లెట్టివి? 2001లో ఫిన్లండు దేశమున 209 మంది రోగులపై జరిగిన పరీక్ష ప్రకటితమయ్యెను. శస్త్రచికిత్స, పాదరక్షలో నుంచు ఆధారము, ఊరక వేచియుండుట అను మూడింటిని అందు పోల్చిరి. ఏడాది గడచిన పిమ్మట శస్త్రచికిత్స పొందినవారికే నొప్పి యెక్కువ తగ్గెను. అయినను పెక్కు పరిశీలనలను క్రోడీకరించి చూడగా, నూటికి సుమారు పదిమంది అసంతృప్తులుగ మిగులుచున్నారు.

ఆ యసంతృప్తికి హేతువులు పలు తెఱగులు. వంపు మరల రావచ్చును. సవరణ మితిమీరి వ్రేలు ఎదురుదిక్కునకు తిరుగవచ్చును. పాదాస్థి పొట్టిదైనచో బరువు ప్రక్క ఎముకలపై బడి అరికాలు నొచ్చును. కీలు బిగుసుకొనుట, చర్మనాడి దెబ్బతిని తిమ్మిరి నిలుచుట, ఎముక అతుకకుండుట, గాయము చీము పట్టుట, కాలి సిరలలో నెత్తురు గడ్డకట్టుట - ఇవియు కలవు. అరుదుగ నెత్తురు అందక ఎముక కొస చచ్చును. పొగత్రాగుట ఎముక అతుకుటకు ఆటంకము.

మధుమేహము గలవారు మరింత జాగరూకులు కావలెను. స్పర్శ నశించిన పాదము తన గాయమును తానెరుగదు. కుష్ఠురోగుల కాలిపుండ్లకు స్పర్శలోపమే మూలమని వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో డాక్టరు పాల్ బ్రాండ్ లోకమునకు చాటెను. ఆ వ్యాధితోనే బాధపడుచు కాలినడకన ఊరూర దిరిగిన దేశభక్తుడు సుబ్రహ్మణ్య శివ 1925లో పాపారపట్టియందే కన్నుమూసెను. కావున శస్త్రమునకు ముందు పాదమున స్పర్శయు రక్తప్రసారమును పరీక్షింపజేసికొనుట విధి.

ఎముక అతుకుటకు సుమారు ఆరు వారములు పట్టును. వాపు తీయుటకు కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాది. రాగిచేనిలోనో మామిడితోపులోనో దినకూలికి పోవు తల్లికి ఈ లెక్కయే అసలైన లెక్క. ఆమె పనికి ఎవరు పోవుదురు, ఇంటికి నీరెవరు తెత్తురు అని ముందే నిర్ణయించుకొనక శస్త్రమునకు పూనుకొన్నచో, తొందరపడి నడచి, అతుకవలసిన ఎముకను తానే చెరచుకొనును.

కేవలము అందమునకై ఈ శస్త్రము తగదు. మొదట వెడల్పు చెప్పులు ధరించి చూడవలెను. నొప్పి అప్పటికిని నడకకు అడ్డమైనచో వైద్యుని ఆశ్రయింపవలెను. ఏ పద్ధతి, ఎందులకు, ఎన్ని దినముల విశ్రాంతి, వికటించిన ఏమి చేయుదురు అను నాలుగు ప్రశ్నలను జంకక అడుగవలెను. తమిళమున అడుగ తడబడు పెద్దలకు చదువుకొన్న బిడ్డలు తోడుపోయి, వైద్యుని మాటను తెలుగున వినిపింతురుగాక యని నా మనవి.