విమాన సంస్థ దివాలా తీస్తే ఊరికి దిక్కెవరు?

మందమర్రి: ఉత్తర తెలంగాణలో విమానాశ్రయాల మాట మళ్లీ ఊపందుకుంది. వరంగల్ చెంత మామునూరుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి లభించింది. ఆదిలాబాద్‌లోని వాయుసేన స్థలంలో పౌర విమానాల రాకపోకలకు అదే ఏడాది ఆమోదం వచ్చింది. పెద్దపల్లి జిల్లాలో బసంత్‌నగర్‌తో పాటు అంతర్గాం పేరూ పరిశీలనకు వచ్చింది. రన్‌వే ఎక్కడ, భూమి ఎన్ని ఎకరాలు అన్న చర్చ జోరుగా సాగుతోంది. అక్కడి నుంచి విమానాలు నడిపే సంస్థ మధ్యలో చేతులెత్తేస్తే ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం అంతగా వినిపించడం లేదు.

బొగ్గుబావుల ప్రాంతానికి ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. గోదావరికి ఆవల, బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంటు కర్మాగారం కోసం వేసిన ఎయిర్‌స్ట్రిప్‌పై 1980లలో వాయుదూత్ విమానాలు దిగేవి. చిన్న పట్టణాలను కలిపేందుకు ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉమ్మడిగా 1981లో నెలకొల్పిన సంస్థ అది. నష్టాలు పేరుకుపోవడంతో 1993లో దాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనం చేశారు. ప్రభుత్వ రంగ సంస్థ కావడంతో సిబ్బందిని మాతృసంస్థల్లో సర్దుబాటు చేశారు. విమానం కోల్పోయిన ఊళ్లకు అలాంటి సర్దుబాటు ఏదీ జరగలేదు. రామగుండంలో మిగిలింది ఖాళీ రన్‌వే.

ఒకే సంస్థ.. రెండు ఊళ్లు

ఇటీవలి ఉదాహరణ ట్రూజెట్. హైదరాబాద్ కేంద్రంగా 2015 జులైలో ఈ సంస్థ సర్వీసులు ప్రారంభించింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదలైన రోజునే హైదరాబాద్ నుంచి కడపకు, నాందేడ్‌కు దీని విమానాలు ఎగిరాయి. నాందేడ్ మహారాష్ట్రలో ఉన్నా భైంసా, బాసర వైపు వారికి ఇరుగు పట్టణమే. ఆర్థిక ఇబ్బందుల్లో చిక్కుకున్న ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో సర్వీసులు నిలిపివేసింది. సిబ్బందికి జీతాల బకాయిలు పేరుకున్నాయి.

ఆ తరువాత జరిగింది గమనించదగినది. కడపకు మార్చి నెలాఖరుకే ఇండిగో వచ్చింది. నాందేడ్‌కు మాత్రం 2024 మార్చి ఆఖరున స్టార్ ఎయిర్ వచ్చే వరకు, అంటే దాదాపు రెండేళ్లు, హైదరాబాద్ విమానం కోసం నిరీక్షణ తప్పలేదు. ఒకే పథకం కింద, ఒకే రోజు, ఒకే సంస్థతో మొదలైన రెండు ఊళ్లకు ఇంత తేడా ఎందుకు? ఖాళీ అయిన మార్గాన్ని ఇంత గడువులోగా భర్తీ చేసి తీరాలన్న బాధ్యత ఎవరిపైనా లేకపోవడమే కారణం. మరో సంస్థకు లాభం కనిపిస్తే వస్తుంది, లేకుంటే లేదు.

విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్టా కూడా 2017 ఫిబ్రవరి ఆఖరున ఆగిపోయింది. అయితే విజయవాడ, విశాఖలకు వేరే విమానాలు ఉండటంతో ఆ ఊళ్లు ఒంటరి కాలేదు. ఒకే ఒక్క సంస్థపై ఆధారపడిన చిన్న పట్టణానికే అసలు దెబ్బ తగులుతుంది.

చట్టంలో ఊరికి చోటేదీ?

కంపెనీల దివాలా వ్యవహారాలను 2016 నాటి దివాలా స్మృతి నియంత్రిస్తుంది. సంస్థ ఆస్తులు అమ్మాల్సి వస్తే వచ్చిన సొమ్ములో మొదట ప్రక్రియ ఖర్చులు మినహాయిస్తారు. తరువాతి వరుసలో తనఖా పెట్టుకున్న బ్యాంకులు, వాటితో సమానంగా కార్మికుల 24 నెలల వేతన బకాయిలు ఉంటాయి. ఇతర ఉద్యోగులకు 12 నెలల జీతం వరకు తదుపరి ప్రాధాన్యం లభిస్తుంది. ముందుగా సొమ్ము చెల్లించి టికెట్టు కొన్న ప్రయాణికుడు దాదాపు చివరి వరుసలో నిలబడాలి. అక్కడి దాకా సొమ్ము మిగలడం అరుదు. భవిష్యనిధి, గ్రాట్యుటీ సొమ్ము మాత్రం ఈ పంపకానికి వెలుపల ఉంటుంది. ఇక విమానం కోల్పోయిన పట్టణం ఈ వరుసలో ఎక్కడా లేదు. అది రుణదాత కాదు కనుక రుణదాతల సమావేశంలో దానికి కుర్చీ ఉండదు.

మరో మెలిక ఉంది. విమాన సంస్థల్లో అత్యధికం విమానాలను అద్దెకు తెచ్చుకుంటాయి. 2023 మే నెలలో గో ఫస్ట్ దివాలా పిటిషన్ వేసినప్పుడు మారటోరియం కారణంగా యజమానులు తమ విమానాలు వెనక్కి తీసుకోలేకపోయారు. అదే ఏడాది అక్టోబర్ 3న కేంద్రం నోటిఫికేషన్ జారీ చేసి విమానాలను మారటోరియం నుంచి మినహాయించింది. 2025లో ఇందుకు ప్రత్యేక చట్టం కూడా వచ్చింది. అద్దె సంస్థలకు భరోసా ఉంటే అద్దెలు తగ్గుతాయన్నది ప్రభుత్వ వాదన, అందులో నిజం లేకపోలేదు. కానీ దీని మరో ముఖం చిన్న ఊళ్లకు కనిపిస్తుంది. సంస్థను నిలబెట్టే ప్రయత్నాలు సాగుతుండగానే విమానాలు వెళ్లిపోవచ్చు. విమానాలు లేని విమాన సంస్థను కొనేవారు దొరకడం కష్టం. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగింది. అయిదేళ్ల ప్రయత్నాలు ఫలించక 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు దాని ఆస్తుల విక్రయానికి ఆదేశించింది.

ప్రజాధనం ప్రశ్న

ఉడాన్ మార్గాల్లో సంస్థకు వచ్చే నష్టాన్ని వయబిలిటీ గ్యాప్ నిధి పేరిట మూడేళ్లు భర్తీ చేసేలా పథకాన్ని రూపొందించారు. మన వంటి రాష్ట్రాలు అందులో 20 శాతం భరించాలి. ఇంధనంపై వ్యాట్ తగ్గించాలి, పోలీసు భద్రత, అగ్నిమాపక సేవలు ఉచితంగా సమకూర్చాలి. ఇవి గాక భూసేకరణ ఖర్చు. ఇంత చేశాక ఫలితమేమిటి? కాగ్ 2023 నివేదిక ప్రకారం మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసినవి 112. ఆపై కూడా 2023 మార్చి దాకా కొనసాగినవి 54 మాత్రమే. ఈ లెక్క చూశాక రన్‌వే కన్నా ముందు ఒప్పందం గురించి మాట్లాడుకోవడం న్యాయం.

ఆస్ట్రేలియాలో ఏం చేశారు?

మారుమూల పట్టణాలకు సాబ్ చిన్న విమానాలు నడిపే రెక్స్ సంస్థ 2024 జులై 30న దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. మహానగరాల మధ్య నడిపిన బోయింగ్ విమానాలు ఆగిపోయాయి. అక్కడ ప్రయాణికులకు వేరే సంస్థలు ఉన్నాయి కనుక ప్రభుత్వం వాటి జోలికి పోలేదు. చిన్న పట్టణాల సర్వీసులకే అండగా నిలిచింది. తొలుత ఆ మార్గాల్లో కొన్న టికెట్లకు పూచీ ఇచ్చింది. దాంతో జనం బుకింగులు మానుకోలేదు. నవంబర్‌లో 8 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల వరకు రుణం ప్రకటించింది. 2025 జనవరిలో 5 కోట్ల డాలర్ల పాత అప్పును తానే కొని ప్రధాన రుణదాత స్థానంలో కూర్చుంది. ఊరికి లేని కుర్చీని ఆ విధంగా ప్రభుత్వం సంపాదించింది. సొంతదారుల పెట్టుబడిని కాక సర్వీసును కాపాడటం ఇందులోని కిటుకు. మన రాష్ట్రానికి అంత సొమ్ము వెచ్చించడం భారమే కావచ్చు. టికెట్ల పూచీ వరకైనా ఆలోచించడానికి అడ్డేమీ లేదు.

రాష్ట్రం చేతిలో ఉన్న ఆయుధం ఒప్పందమే. జీతాలు, విమానాల అద్దెలు, విమానాశ్రయ రుసుములు ఇన్ని వారాలకు మించి బకాయి పడితే తెలియజేయాలని, సర్వీసు ఆగితే బ్యాంకు గ్యారంటీ సొమ్మును ప్రత్యామ్నాయ సంస్థకు మళ్లించాలని, ఆ సంస్థను వేలంలోనే రెండో స్థానంలో ఎంపిక చేసి ఉంచాలని ముందే రాసుకోవచ్చు. దివాలా తీశాక రాయడానికి కాగితం మిగలదు.

ప్రయాణికులు గమనించాల్సినవి

మంచిర్యాల, కరీంనగర్ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లేవారు ఎక్కువ. చిన్న ఊరి విమానంలో హైదరాబాద్‌కు, అక్కడి నుంచి వేరే సంస్థలో దుబాయికి విడివిడిగా టికెట్లు కొంటే మొదటిది రద్దయినప్పుడు రెండో సంస్థకు బాధ్యత ఉండదు. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్టుపై, ఒకే పీఎన్ఆర్ కింద ఉంటే ప్రత్యామ్నాయం కోరే హక్కు నిలుస్తుంది. క్రెడిట్ కార్డుతో చెల్లించినవారు సేవ అందలేదని బ్యాంకుకు ఫిర్యాదు చేసి సొమ్ము వాపసు కోరవచ్చు. ఏజెంటుకు నగదు ఇచ్చినవారు రశీదు తప్పక తీసుకోవాలి. సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళితే పత్రికల్లో బహిరంగ ప్రకటన వెలువడుతుంది. టికెట్టు, చెల్లింపు ఆధారాలు జతచేసి ప్రకటనలో పేర్కొన్న గడువులోగా రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు క్లెయిము పంపాలి.

మందమర్రి వాసులకు ప్రస్తుతానికి కాజీపేట - బల్లార్షా రైలు మార్గమే ఆధారం. ఆదిలాబాద్‌లోనో, రామగుండం పరిసరాల్లోనో విమానాశ్రయం వచ్చిన నాడు మొదట కలిగే మేలు అత్యవసర వైద్యం కోసం హైదరాబాద్ చేరాల్సిన రోగులకే. విమానం ఆగిపోయినా మొదట నష్టపోయేది వారే.