మచిలీబందరు: తెలుగు నేల సముద్ర ద్వారం

హజ్ యాత్ర అనగానే నేడు మనకు విమానాశ్రయం గుర్తుకు వస్తుంది. ఇహ్రామ్ ధరించిన యాత్రికుడు కొన్ని గంటల్లోనే జిద్దా చేరుకుంటాడు. నాలుగు వందల ఏళ్ల క్రితం గోల్కొండ రాజ్యపు యాత్రికుల ప్రయాణం అలా ఉండేది కాదు. ఎడ్లబండ్ల బాటన రోజుల తరబడి నడిచి, కృష్ణా తీరాన ఉన్న మచిలీపట్నం చేరి, అనుకూలమైన గాలి కోసం ఎదురుచూసి, ఎర్రసముద్రానికి సాగే ఓడ ఎక్కవలసి వచ్చేది. అప్పులు తీర్చి, అయినవారి వద్ద సెలవు తీసుకుని బయలుదేరిన ఎందరో తెలుగు నేల ముస్లిములు చివరిసారిగా చూసిన స్వదేశపు ఒడ్డు ఈ బందరే.

రేవే పేరుగా మారిన ఊరు

‘బందర్’ అంటే పారసీ భాషలో ఓడరేవు. మచిలీ అంటే చేప. ఊరి పేరును కుదించి పిలిచేటప్పుడు జనం ‘రేవు’ అనే మాటనే మిగుల్చుకున్నారు. అందుకే ఇది నేటికీ బందరే. ఈ తీరానికి అంతకంటే ప్రాచీనమైన చరిత్ర కూడా ఉంది. క్రీస్తు శకం తొలి శతాబ్దాలలో గ్రీకు రచయితలు ఈ ప్రాంతాన్ని మైసోలియా అని పేర్కొన్నారు. ఇక్కడి నూలు వస్త్రాల ఖ్యాతి అప్పటికే దూరదేశాలకు చేరింది.

1518 నుంచి 1687 వరకు సాగిన కుతుబ్ షాహీల పాలనలో బందరు మహోన్నత దశను చూసింది. కొల్లూరు గనుల వజ్రాలు, నిర్మల్ ప్రాంతపు ఉక్కు, నీలిమందు, అద్దకపు బట్టలు ఇక్కడి నుంచి ఓడలెక్కేవి. ఇరాన్, అరేబియా, బర్మా, సుమత్రా తీరాలతో వర్తకం జరిగేది. నిజానికి ఇది లోతైన రేవు కాదు. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే, సరుకును చిన్న పడవలు ఒడ్డుకు చేర్చేవి. ప్రకృతి ఇవ్వని సౌకర్యాన్ని మనుషుల శ్రమ, వర్తకుల పరస్పర విశ్వాసం సమకూర్చాయి.

ఇరాన్‌లోని అర్దిస్తాన్‌లో నూనె వ్యాపారి ఇంట పుట్టిన మీర్ ముహమ్మద్ సయీద్ ఇక్కడి పాలనాధికారిగా పనిచేసి, తరువాత గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాగా ప్రసిద్ధుడయ్యాడు. ఆయనకు సొంత ఓడలే ఉండేవి. సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా 1639లో స్వయంగా ఈ పట్నాన్ని సందర్శించాడు.

పేటల పేర్లలో చరిత్ర

1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, 1669లో ఫ్రెంచివారు ఇక్కడ వర్తక స్థావరాలు నెలకొల్పారు. తెలుగువారు డచ్చివారిని వలందులని, ఫ్రెంచివారిని పరాసులని పిలిచేవారు. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అనే పేర్లు నేటికీ ఊరిలో వినిపిస్తాయి. బందరు కోట ప్రాంతంలోని డచ్చివారి సమాధుల మీద చెక్కిన రాజచిహ్నాలు ఇంకా కనిపిస్తున్నాయి. వర్తకులుగా అనుమతి కోరి వచ్చినవారు పాలకులుగా మారిన వైనం మనకు తెలిసినదే. 1759 ఏప్రిల్‌లో ఆంగ్ల సైన్యం ఫ్రెంచివారి నుంచి ఈ కోటను చేజిక్కించుకుంది. దానితో కోస్తా ఆంధ్రలో ఫ్రెంచివారి ప్రాబల్యం అంతరించింది.

1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఉప్పొంగి పట్నాన్ని ముంచెత్తింది. సుమారు 30,000 మంది మరణించారు. మద్రాసు ఎదుగుదలతో అప్పటికే తగ్గిన రేవు వైభవం ఆ దెబ్బకు మరి కోలుకోలేదు.

చేతుల్లో మిగిలిన సంపద

కోట శిథిలమైంది, ఓడలు రావడం మానేశాయి. కానీ ఆ ఓడలు మోసిన కళ మాత్రం బతికే ఉంది. కలంకారీ అనే మాట పారసీదే. కలంతో చేసే పని అని దాని అర్థం. అయితే బందరు, పెడన కళాకారులు ప్రధానంగా చెక్క అచ్చులతోనే అద్దకం చేస్తారు. బట్టను కరక్కాయ ద్రావణంలో తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుమును బెల్లపు నీటిలో నానబెట్టి నలుపు రంగు తీస్తారు. పటికతో అచ్చు వేసిన చోట వేరు రంగు పట్టి ఎరుపు పండుతుంది. ఇరాన్ కొనుగోలుదారుల అభిరుచికి తగినట్లు లతలు, పూలు, మిహ్రాబును పోలిన తోరణాలు ఈ బట్టల మీదకు వచ్చాయి. తెలుగు చేతులు, పారసీ ఊహ కలిసి నేసిన బంధం ఇది.

నేడు ఈ కళకు తుపాను వేరే రూపంలో వస్తోంది. రసాయన రంగులతో, యంత్రాలపై ముద్రించిన చౌక బట్టలు కలంకారీ పేరుతోనే అమ్ముడవుతున్నాయి. ఎన్నో దశలలో ఒక బట్టను సిద్ధం చేసే కళాకారుడు ఆ ధరతో పోటీపడలేడు. గిట్టుబాటు లేని పనిని అతని సంతానం ఎందుకు నేర్చుకుంటుంది? అసలు సరుకు అని చెప్పి నకిలీని అమ్మడం వర్తక ధర్మానికే విరుద్ధం. సరుకులోని లోపాన్ని దాచవద్దని మనకు బోధించిన ధర్మం కొనేవారికీ ఒక బాధ్యతను అప్పగిస్తుంది: శ్రమకు తగిన మూల్యం చెల్లించడం.

2023లో బందరులో కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. రేవు మళ్లీ కళకళలాడాలని కోరుకుందాం. అంతవరకు, సెలవు రోజుల్లో పిల్లలను మంగినపూడి తీరానికి తీసుకువెళ్లినప్పుడు, దారిలో పెడనలో ఆగి ఒక అద్దకపు బల్లను కూడా చూపిద్దాం. తమ పూర్వీకులు ఏ ఒడ్డు నుంచి కాబా వైపు పయనమయ్యారో, ఆ ఓడల్లో ఎవరి చెమట చుక్కలు బట్టలై ప్రయాణించాయో వారికి మనమే చెప్పాలి.