నింద మోపితే చాలదు, విచారణ జరపాలి

ఉద్యోగి మీద ఎవరో దొంగతనమో, లంచమో అంటగట్టారు. యాజమాన్యం నమ్మి అతన్ని తీసేసింది. ఆ నింద అబద్ధమని తర్వాత తేలితే తొలగింపు దానంతటదే రద్దవుతుందని చాలామంది అనుకుంటారు. మన చట్టం అలా నడవదు. నింద నిజమో కాదో తేల్చడానికి యాజమాన్యం ఏం చేసిందన్నదే ముందు వచ్చే ప్రశ్న. ఛార్జి మెమో ఇచ్చారా? సంజాయిషీ తీసుకున్నారా? నింద మోపినవారిని ఎదురుగా కూర్చోబెట్టి ఉద్యోగిని ప్రశ్నలు అడగనిచ్చారా? అబద్ధపు నిందకు గురైన మనిషికి అసలు రక్షణ ఈ విచారణలోనే ఉంది.

సుప్రీంకోర్టు తీర్పులు ఈ మాటకు బలమిస్తాయి. అనుమానం రుజువు కాదని, శాఖాపరమైన విచారణకైనా ఇదే సూత్రమని 1963లో హెచ్.సి. గోయల్ కేసులో ఆ కోర్టు తేల్చింది. శిక్ష వేయకముందే విచారణ నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇవ్వాలని, ప్రభుత్వ సంస్థ అయినా ప్రైవేటుదైనా తేడా లేదని 1993లో హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఎఫ్‌ఐఆర్, పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు తప్ప మరే ఆధారమూ లేకుండా బ్యాంకు ఉద్యోగిని తొలగించడం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వీటన్నిటికన్నా కదిలించేది 1999 నాటి భారత్ గోల్డ్ మైన్స్ కేసు. సెక్యూరిటీ అధికారి ఇంట్లో బంగారం దొరికిందన్నారు. సస్పెండ్ చేసి జీవనభృతి ఇవ్వలేదు. అనారోగ్యంగా ఉందన్నా వాయిదా వేయకుండా, అతను లేకుండానే విచారణ ముగించి డిస్మిస్ చేశారు. అవే సాక్ష్యాలు క్రిమినల్ కోర్టులో నిలవలేదు. చివరికి సుప్రీంకోర్టు బకాయి జీతంతో సహా ఉద్యోగం తిరిగి ఇప్పించింది. చేతిలో పైసా లేని మనిషి తన నిర్దోషిత్వాన్ని ఎలా నిరూపించుకోగలడు?

కంపెనీ న్యాయస్థానం కాదు కదా అని యజమానులు అడుగుతారు. నిజమే, చట్టమూ అంత కోరదు. క్రిమినల్ కేసులో సందేహానికి తావులేని రుజువు కావాలి; ఇక్కడ నమ్మదగ్గ ఆధారం కొంత ఉన్నా చాలు. ప్రయాణికుల వాంగ్మూలాలు లేకపోయినా హర్యానా బస్సు కండక్టర్ తొలగింపును 1977లో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి క్రిమినల్ కేసు కొట్టేసినంత మాత్రాన ఉద్యోగం తిరిగి వచ్చేస్తుందని అనుకోకూడదు. విచారణ ముగిసేదాకా సస్పెండ్ చేసే వీలుంది గనక తొందరపడి తీసేయాల్సిన అవసరమూ లేదు. ఆ కాలంలో మొదటి 90 రోజులు సగం జీతం, ఉద్యోగి వల్ల కాని జాప్యమైతే ఆపైన 75 శాతం ఇవ్వాలి. విచారణ విషయంలో ఇలాంటి పట్టింపులు లైంగిక వేధింపుల బాధితుల నోరు నొక్కుతాయన్న భయం మాత్రం తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. అందుకే 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం జాగ్రత్త పడింది: ఫిర్యాదు రుజువు కానంత మాత్రాన అది అబద్ధం కాదు, దురుద్దేశం తేలితేనే ఫిర్యాదుదారు మీద చర్య.

చట్టంలో పెద్ద లోటు మేనేజర్ల విషయంలో ఉంది. వారు కార్మికుల నిర్వచనంలోకి రారు. ప్రైవేటు కంపెనీ తప్పుగా తీసేసినా వారికి మామూలుగా దక్కేది నష్టపరిహారమే, ఉద్యోగం కాదు. నింద మోసినవాడి హోదాను బట్టి న్యాయం మారడం సరికాదు. రాతపూర్వక ఆరోపణ, జవాబుకు అవకాశం వారికీ హక్కుగా ఉండాలి.

మీ మీద నింద పడితే, ఒత్తిడికి లొంగి రాజీనామా మీద సంతకం పెట్టకండి. ఆరోపణను రాతలో అడగండి, జవాబు రాతలోనే ఇవ్వండి, ప్రతులు దాచుకోండి. తొలగిస్తే కన్సిలియేషన్ అధికారికి దరఖాస్తు చేయండి. 45 రోజులు దాటాక కార్మికుడు నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, తొలగించిన రోజు నుంచి అందుకు గడువు రెండేళ్లే.